తాడు లాగక్కర్లేని పడవ

పర్చూరులో నాకో కొట్టుంది. మందు కొట్టే పంపులు బాగుచేస్తాను. మిరప తోటల్లో వీపుకి తగిలించుకుని తిరిగే బ్యాటరీ పంపులు, వాటి మోటార్లు, ఛార్జర్లు. కొత్తగా వచ్చిన రైతు ఎవరైనా గుమ్మంలో నిలబడి "మెకానిక్ లేడా అమ్మా" అని అడుగుతాడు. నేనే మెకానిక్కునని పాతికేళ్లుగా చెబుతూనే ఉన్నాను. మొదట్లో నవ్వుతూ చెప్పేదాన్ని, ఇప్పుడు తలెత్తకుండా చెబుతున్నాను.

నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు. ఆయన బడిపంతులు. ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినాలని ఆయన పట్టుదల. నాకంత ఓపిక లేదు. పంపు తెచ్చినవాడు దాని రోగం చెప్పడం మొదలుపెట్టేలోపే నేను మూత ఊడదీసి, పాడైంది ఏమిటో వేలితో చూపించేస్తాను. చాలాసార్లు నేనన్నదే నిజమవుతుంది. అలా నిజమవడం వల్లే ఈ అలవాటు ముదిరిపోయింది.

నల్ల తామర పురుగు మిరపను పట్టిన ఏడాది, రైతులు రోజు మార్చి రోజు మందు కొట్టారు. పంపుల్లో ఉండే సీసం బ్యాటరీలు ఆ చాకిరీ తట్టుకోలేక ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. అప్పుడే నేను లిథియం సెల్స్ తెప్పించి, నికెల్ పట్టీలతో అతికించి, బ్యాటరీలు సొంతంగా కట్టడం నేర్చుకున్నాను. సీసం బ్యాటరీ అయిపోయే ముందు నీరసపడుతుంది. మందు ధార సన్నబడుతుంది, మనిషికి తెలుస్తుంది. లిథియం అలా కాదు. చివరిదాకా ఒకటే జోరు, తర్వాత టక్కున ఆగిపోతుంది. సెల్స్ పాడవకుండా లోపల చిన్న బోర్డు ఒకటి కాపలా ఉంటుంది, అది కరెంటు కోసేస్తుంది. సాలు మధ్యలో పంపు ఆగిపోయిందని రైతులు వచ్చి నన్ను తిట్టేవాళ్లు. ఆగితే కొంపలేమన్నా మునిగాయా, గట్టు దాకా నడిచి రాలేవా అని నేనూ తిట్టేదాన్ని.

మా కొట్టు అరుగు మీద వారానికి రెండు రోజులు ఒకామె ఎండుచేపల గంప దించుతుంది. చీరాల అవతల సముద్రపొడ్డు పల్లె నుంచి బస్సులో వస్తుంది. నేను ఆమెను వదినా అంటాను, ఆమె నన్ను వదినా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. నేను చర్చికి పోతాను, ఆమె గంగమ్మకి మొక్కుకుంటుంది. మధ్యాహ్నం ఆమె తెచ్చిన నెత్తళ్ల కూరా, నేను తెచ్చిన పచ్చడీ కలిపి ఇద్దరం అక్కడే తింటాం. కొట్టంతా చేపల వాసనేనని కొందరు రైతులు ముక్కు మూసుకున్నారు. మీ పురుగుమందుల కంపు కన్నా ఇదే నయమని చెప్పాను.

పోయిన వానాకాలం ఆమె భర్తకి గుండెనొప్పి వచ్చింది. గుంటూరు తీసుకెళ్తే స్టెంటు వేశారు. పది మెట్లు నెమ్మదిగా ఎక్కొచ్చు, బరువు ఎత్తకూడదు, గట్టిగా దేన్నీ లాగకూడదని డాక్టరు చెప్పి పంపాడు. ఆయనకున్నది ఒక చిన్న ఫైబర్ పడవ, దాని వెనక తగిలించుకునే పెట్రోలు ఇంజను. ఆ ఇంజను తాడు లాగితేనే అందుకుంటుంది. ఒక్క లాగుకి అందుకునే రకం కాదు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పదిసార్లు లాగించుకుంటుంది. వల లాగడానికి జతగా వచ్చే మనిషి ఉన్నాడు గానీ, ఆ ఇంజను ఈయన చేతికి తప్ప లొంగదు. దాంతో పడవ ఇసుకలోకి ఎక్కింది. ఆయన ఇంట్లో కూర్చున్నాడు.

నెలలు గడిచాయి. పక్కన రొయ్యల చెరువుల వాళ్లు కాపలా పని ఇస్తామన్నారు. ఇంకొకాయన పడవ కొంటానని రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. మాఘమాసం గడుస్తోంది, వేసవిలో మళ్లీ సర్కారు వేట ఆపేస్తుంది, ఈలోపు నీళ్లలోకి దిగకపోతే ఇక ఆ మనిషి దిగడని వదిన భయం. ఆమె అంతా ఏడవకుండా చెప్పింది, చేపల తలకాయలు గిల్లుతూ చెప్పింది. కాపలా పనిలో తప్పేముందని నేనన్నాను. పద్నాలుగో ఏట నుంచి సముద్రం మీదున్న మనిషిని చెరువు గట్టున కుర్చీలో కూర్చోబెడితే ఎన్నాళ్లు బతుకుతాడని ఆమె అడిగింది. 

ఆ రోజు నేనొక పంపు బాగుచేసి స్విచ్ వేసి చూస్తున్నాను. ఆమె చేతిలో పని ఆపి నా వైపు చూసింది.

"నీ పంపులు తాడు లాగకుండానే తిరుగుతున్నయ్ గదా వదినా" అంది.

నేను ముందు నవ్వాను. పంపు వేరు, పడవ వేరు అన్నాను. సాయంత్రం కొట్టు మూసేసరికి మాత్రం కాగితం మీద లెక్కలు వేస్తూ ఉన్నాను. కరెంటు మోటారుతో నడిచే చిన్న పడవలు ఇప్పుడు అక్కడక్కడా వస్తున్నాయి, ఫోనులో చూశాను. ఒడ్డుకి దగ్గరగా తిరిగే పడవకి అది సరిపోతుంది. బ్యాటరీ నేనే కట్టగలను. నిజం చెప్పాలంటే ఆయన మీద జాలి కన్నా, నేను కట్టగలనన్న పొగరే ఎక్కువ పనిచేసింది.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల ఊరు వెళ్లాను. ఆయన సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మాట చాలా నెమ్మది. నన్ను చెల్లెమ్మా అన్నాడు, నేను అన్నయ్యా అన్నాను. ఊరి పక్కనే ఉప్పు కాలవ సముద్రంలో కలుస్తుంది. కలిసే చోటుని వాళ్లు మొగ అంటారు. పడవలన్నీ కాలవలో కట్టేసి ఉంటాయి, మొగ దాటి సముద్రంలోకి పోతాయి. ఆయన వేటంతా మొగ దాటాక రెండు మూడు మైళ్ల లోపలే. నాకు ఈత రాదు. మోకాలి లోతు నీళ్లలో దిగినా కాళ్లు వణుకుతాయి. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు, ఒడ్డు మీద నిలబడే కొలతలు తీసుకున్నాను.

నెల తిరిగేసరికి అంతా సిద్ధమైంది. పాత ఇంజను అమ్మేసి మోటారు తెప్పించారు. అంటే ఇది నడవకపోతే వెనక్కి పోయే దారి లేదు, పడవ అమ్ముకోవడమే. బ్యాటరీని రెండు పెట్టెలుగా కట్టాను, ఒక్కొక్కటి మిరప టిక్కీ, అంటే నిండు మిరపకాయల బస్తా, అంత బరువు. ఉప్పునీరు చొరకుండా మూతలకి రబ్బరు పట్టీలు వేశాను. ఎంత ఛార్జి ఉందో చూపించే మీటరు బిగించాను, దాంట్లో పది గీతలుంటాయి. ఆయన మీటరు కేసి చూడకుండా, పెట్టె ఒక మూల పట్టుకుని కొంచెం ఊపి చూశాడు. పెట్రోలు డబ్బాలో ఎంత మిగిలిందో అలా ఊపి తెలుసుకునేవాడట. ఇది ఊపితే తెలియదన్నయ్యా, నిండుగా ఉన్నా ఖాళీ అయినా ఒకటే బరువు అన్నాను. అయితే దీని మాట నమ్మాల్సిందేనా అని మీటరు మీద వేలితో తట్టాడు.

వాడుకోవడం ఎలాగో నేనే చెప్పాను. పది గీతల్లో ఐదు అయిపోగానే వెనక్కి తిప్పు, సగం పోవడానికి, సగం రావడానికి. చేలో మందు కొట్టేవాళ్లకి నేను చెప్పే లెక్కే ఇది. ఆయన తలూపి, "అట్టాగే గానీ చెల్లెమ్మా, వచ్చేటప్పుడు మాకు..." అని ఏదో అనబోయాడు. నేను మధ్యలోనే అందుకుని, బ్యాటరీ సంగతి నాకొదిలెయ్, నువ్వు గీతలు చూసుకో చాలు అన్నాను. ఆయన అనబోయింది మానేసి పెట్టె మూత సర్దాడు. ఎవరి మాటకీ ఎదురు మాట అనే మనిషి కాదు.

వదిన మోటారుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు బ్యాటరీ మీద చల్లబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. గంగమ్మకి సముద్రం నిండా నీళ్లున్నాయి, నా బ్యాటరీ మీద ఎందుకన్నాను. అందరూ నవ్వారు. ఖాళీ పడవతో కాలవలో రెండు రోజులు తిప్పి చూశాం. స్విచ్ వేస్తే చాలు, చడీచప్పుడు లేకుండా జారిపోయింది. నేను పొంగిపోయాను.

మొదటి వేట రోజు తెల్లవారాక బస్సెక్కి వెళ్లాను. అప్పటికే ఆయనా, జతగా పోయే పక్కింటి ముసలాయనా వెళ్లిపోయారు. ఫోను ఆయన దగ్గర ఉండదు. ఉప్పునీళ్లకి ఒక ఫోను పోయాక పడవెక్కేటప్పుడు ఇంట్లోనే పెట్టిపోతాడు. వదిన మొగ దగ్గర ఇసుకలో కూర్చుని ఉంది. మామూలుగా అయితే ఇంజను చప్పుడు వినే ఆయన ఎంత దూరంలో ఉన్నాడో చెప్పేస్తుందట, ఇప్పుడు ఆ వీలు లేదంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తొమ్మిదిన్నర దాటాక దూరంగా పడవ కనిపించింది. నీళ్లకి బాగా దిగి ఉంది. వల నిండిందని వదిన లేచి నిలబడింది.

పడవ పెద్దదవుతూ వచ్చింది. తర్వాత పెద్దదవడం ఆగిపోయింది. నేను కళ్లు చికిలించి చూశాను. మొగకి అవతల, కేక వేస్తే వినపడనంత దూరంలో అది నిలిచిపోయి, మెల్లగా పక్కకి జరుగుతోంది. ఆటు సమయం, కాలవ నీళ్లన్నీ జోరుగా సముద్రంలోకి పోతున్నాయి. బ్యాటరీ అయిపోయిందని నాకు అర్థమైంది. 

వదిన నన్ను తిట్టలేదు. చెయ్యి నెత్తిన పెట్టుకుని అటే చూస్తోంది. "నీ మిషను ఆగినందుకు కాదు వదినా. ఆయన తెడ్డు పడతాడేమో" అంది. పడవలో రెండు తెడ్లున్నాయి. ముసలాయన ఒక్కడే వేస్తే ఆ నీళ్లకి ఎదురు రాదు. రెండోది ఎవరి చేతిలో ఉందో ఆ దూరానికి కనపడటం లేదు. ఏదైనా జరిగితే అది నేను కట్టిన పెట్టెల వల్లే జరుగుతుంది. పాతికేళ్లలో నా పని చూసి నేను భయపడటం అదే మొదటిసారి. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చేశాను, ఒక్కటీ చివరిదాకా గుర్తు రాలేదు.

కాసేపటికి సముద్రం లోపలి నుంచి వస్తున్న ఇంకో పడవ వాళ్ల దగ్గర ఆగి, మళ్లీ బయల్దేరి ఒడ్డుకి వచ్చింది. అందులోవాళ్లు చెప్పారు. లంగరు వేసుకుని కూర్చున్నాడట. తాడు కట్టి లాక్కొస్తామంటే వద్దన్నాడట, పోటు తిరిగాక వస్తానన్నాడట. పరువు కోసం వద్దని ఉంటాడని వాళ్లలో ఒకడన్నాడు. కూర్చున్నాడా అని వదిన రెండుసార్లు అడిగింది. ఖాళీగా కూర్చునే మనిషి కాదు కాబట్టి ఆమెకి నమ్మకం కలగలేదు. తెడ్డు ముసలాయన చేతిలో కూడా లేదు, ఇద్దరూ కూర్చునే ఉన్నారని వాళ్లు ఒట్టేసి చెప్పాక ఇసుకలో కూలబడింది.

రెండు గంటలు అలాగే గడిచాయి. పోటు మొదలై నీళ్లు కాలవలోకి తిరిగాక పడవ కదిలింది. కాసేపు ఆపిన బ్యాటరీలో కొంచెం ఊపిరి మిగులుతుంది, దాంతో మొగ దాటి లోపలికి వచ్చేశారు. పడవ నిండా కవళ్ల చేపలు, ఎండకి మెత్తబడిపోయాయి. ఆయన నెమ్మదిగా దిగాడు. మొహంలో కోపం లేదు. నేనే ముందుగా వాదన మొదలుపెట్టాను, సగం గీతల దగ్గర తిప్పావా లేదా అని. తిప్పానన్నాడు. మరైతే ఎలా ఆగుతుందని నేను గొంతు పెంచాను.

"చెల్లెమ్మా, మీ చేలో ట్యాంకు నిండుగా పోయి ఖాళీగా వస్తది. మా పడవ ఖాళీగా పోయి నిండుగా వస్తది" అన్నాడు.

 పదహారు లీటర్ల మందు వీపున పెట్టుకుని సాల్లోకి దిగిన మనిషి అడుగడుగుకీ తేలికవుతాడు. జీవితమంతా ఆ పనే చూశాను నేను. ఏ పనైనా ముందే బరువు, పోనుపోను తేలిక అనుకున్నాను. చేపల బరువు నా లెక్కలో లేనేలేదు. ఎదురు నీళ్లూ లేవు. ఆ రోజు ఆయన చెప్పబోయింది అదే, నేను చెప్పనివ్వలేదు. అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయాను.

ఊళ్లో ఇక ఒకటే మాట, పడవ అమ్మెయ్యమని. కొంటానన్నాయన మళ్లీ వచ్చాడు. రొయ్యల చెరువు కాపలా పని ఇంకా ఖాళీగానే ఉంది. నేను వారం రోజులు కొట్టు సగం పూట మూసి పనిచేశాను. మూడో పెట్టె కట్టాను. మూడోవంతు ఛార్జి మిగలగానే మోటారు దానంతటదే నెమ్మదించేలా చేశాను, మనిషికి ముందే తెలిసేలా. పోవడానికి మూడు గీతలు, మిగిలినదంతా రావడానికి. ఈ లెక్క నేను చెప్పలేదు, ఆయన్నే అడిగి రాసుకున్నాను.

ఇదంతా మా కొట్టు అరుగు మీద వదినకి వివరించాను. ఆమె గంప సర్దుకుంటూ విని, "నీకంత నమ్మకముంటే నువ్వెక్కు వదినా. నువ్వెక్కి తిరిగొస్తే ఆయన్ని పంపిస్తా" అంది. కోపంగా అనలేదు. నేను ఎక్కనని ఆమె అనుకుందో ఏమో తెలియదు.

ఆడవాళ్లు వేట పడవ ఎక్కడం వాళ్లలో లేదు. పెద్దవాళ్లు గొణిగారు. ఆయన మాత్రం, ఆమె ఆడమనిషిగా రావడం లేదు, మెకానిక్కుగా వస్తుంది అన్నాడు. పాతికేళ్లలో నన్ను అలా అన్న మొదటి మగవాడు ఆయనే. మిరప టిక్కీల గోతాల్లో ఇసుక నింపి, నిండు వేట బరువెంతో అంతా పడవలో సర్దాం. పోవడానికీ రావడానికీ అదే బరువుతో చూడాలన్నాను. నాకు లైఫ్ జాకెట్ కట్టారు. కాళ్లు వణకడం ఈసారి అందరికీ కనపడింది.

మొగ దాటాక అలలు పడవని ఎత్తి దించడం మొదలుపెట్టాయి. నేను పెట్టె మీద కూర్చుని మీటరు కేసే చూస్తున్నాను, నీళ్ల వైపు చూడదల్చుకోలేదు. ఒడ్డు సన్నని గీతలా అయ్యింది. మూడో గీత పోగానే ఆయన మోటారు ఆపేశాడు. ఆగిపోయిందనుకుని నేను వైర్లు పట్టుకున్నాను. ఉండమ్మా, నేనే ఆపానన్నాడు. నీళ్లు పడవకి తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.  ఎందుకని అడగబోయి ఆగాను, ఈసారి తొందరపడకూడదని.

"ఇంజనున్నన్నాళ్లూ దాని మోతలో నా గుండె నాకు వినపడేది కాదమ్మా" అన్నాడు. "ఆపరేషనయినకాడ నుంచి మంచం మీద పడుకుంటే అదొక్కటే వినపడేది. తాడు లాగలేనని అందరికీ చెప్పా గానీ, భయమేసి ఎక్కలా. నీ మోటారుకి మోత లేదు. మొదటిరోజు పోయేటప్పుడే వెనక్కి తిప్పేద్దామనుకున్నా."

నేను ఆయన మొహం చూడలేక మీటరు చూశాను.

"ఆ రోజు లంగరేసి కూచున్నా గదా. వాళ్లు లాగుతామంటే వద్దన్నా. పరువు కోసం కాదు. ఇక్కడ, నీళ్ల మీద, గుండె ఆగుద్దో లేదో చూద్దామనుకున్నా. రెండు గంటలు విన్నా. నీ బ్యాటరీ ఆగింది గానీ అది ఆగలా." ఆయన మళ్లీ స్విచ్ మీద చెయ్యి వేశాడు. "ఇక పోతా వేటకి."

ఎదురు నీళ్లలో, అంత ఇసుకతో, నాలుగు గీతలు మిగలగా కాలవలోకి వచ్చాం. ఆయనా ముసలాయనా పడవ కట్టేస్తుంటే నేను తడిసిన బట్టలతో ఒడ్డెక్కాను. వదిన ఎదురొచ్చి ఎలా ఉందని అడిగింది. నాలుగు గీతలున్నాయి అన్నాను. ఆమె ఇంకా నా మొహమే చూస్తోంది. చెప్పొద్దని ఆయన అనలేదు, అందుకని ఆయన చెప్పిందంతా చెప్పాను.

ఆమె పడవ వైపు తిరిగి చూసింది.

"ఆరు నెలల నుంచి పక్కనే పడుకుంటన్నా వదినా" అంది. "నిద్రపోతన్నాడనుకున్నా."

చెంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత పందిరి కింద ఆరేసి ఉన్న వల చుట్టచుట్టి భుజాన వేసుకుని, పడవ దాకా తనే మోసుకెళ్లింది.